ఏటిగట్టు ఎక్కని వేస్ట్‌గేట్

డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో, ఇంజిన్ గురించి నిజం చెబితే జనం సంతోషిస్తారని నమ్మేవాణ్ణి. (ఇంజిన్ తప్ప ఎవరూ సంతోషించరని తర్వాత తెలిసింది.) రాజమండ్రిలో మావయ్య టర్బో రిపేరు షెడ్డులో చేరాను. రామచంద్రపురంలో పెట్టబోయే రెండో షెడ్డు నాకే అప్పగిస్తానని ఆయన మా అమ్మకి మాటిచ్చారు. నాకు అన్నంలోనూ ఆ షెడ్డే కనిపించేది.

అప్పుడొచ్చాడు భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆసామి కొడుకు, పెద్ద డీజిల్ బండితో. (మాలో మేం రొయ్యలబాబు అనుకునేవాళ్లం.) పందెం కార్లకుండే బయటి వేస్ట్‌గేట్ కావాలన్నాడు, గర్జన కోసం. నేను కాలవ భాషలో వివరించాను. టర్బో చక్రాన్ని తిప్పేది ఇంజిన్ పొగ. ఒత్తిడి హద్దు దాటితే మిగులు పొగని చక్రానికి తగలకుండా పక్కకి వదిలే తూమే వేస్ట్‌గేట్. మామూలు బళ్లలో అది టర్బో కడుపులోనే చిన్న మూత. విపరీతమైన శక్తి లాగే ఇంజిన్లకి ఆ మూత చాలదు కాబట్టి, బయట విడిగా పెద్ద వాల్వు, దానికో గొట్టం పెడతారు. అది తెరుచుకుని పొగ ఆ గొట్టంలోంచి నేరుగా బయటికి తన్నినప్పుడే గర్జన. "మీకు దండగండి" అన్నాను. మావయ్య నా డొక్కలో పొడిచి, "పెడతామండి, పెట్టకేం" అన్నారు.

పెట్టాం. గర్జన రాలేదు. ఒత్తిడి నిండితేగాని ఆ వాల్వు తెరుచుకోదు. చెరువుగట్ల మీద నెమ్మదిగా పోయే బండికి నిండేదెప్పుడు? అయితే వాల్వులో మెత్తటి స్ప్రింగు వెయ్యమన్నాడు బాబు. తొందరగా తెరుచుకుని లాగుడు పోతుందని మొత్తుకున్నాను. "మనకి ఎక్కడానికి కొండలెక్కడున్నాయిరా?" అంటూ మావయ్య వేయించేశారు.

కొండల్లేవు, ఏటిగట్టుంది. బాబు పెళ్లిచూపులకి చుట్టాలని కుక్కుకుని పట్టిసీమ వైపు వెళ్లిన ఆ బండి, గట్టు ఏటవాలులో సింహంలా గర్జించి గేదెలా ఆగిపోయింది. పట్టుపంచెల పెద్దలు దిగి తోశారట. ఆడపెళ్లివారు గట్టుమీద నుంచుని చూశారట. సంబంధం తప్పిపోయింది.

మర్నాడు బాబు షెడ్డుకొస్తే మావయ్య నావైపు చూడకుండా, "నేను వద్దంటూనే ఉన్నానండి. మావాడే వినలేదు, చదువుకున్నాడు కదా" అన్నారు. నేను నోరు తెరిచాను. తింటున్నది ఆయన అన్నమే కాబట్టి మళ్లీ మూసుకున్నాను. రామచంద్రపురం షెడ్డు అత్తయ్య తమ్ముడికి, హారన్లు బిగించేవాడికి, వెళ్లింది. "మీవాడింకా పని నేర్చుకోవాలక్కా" అని మావయ్య అమ్మతో చెప్పారట. అమ్మ నమ్మింది. అదే ఇప్పటికీ గొంతులో ముల్లు.

నేను కాకినాడలో ఒక ఆఫీసు కుర్చీలో తేలాను. రామచంద్రపురం వైపు వెళ్తే ఆ షెడ్డు ముందు ఆగుతాను. అత్తయ్య తమ్ముడు మర్యాదగా టీ తెప్పిస్తాడు. అక్కడే ఉండిపోయుంటే ఈపాటికి నాకూ బట్టతల, గోళ్లలో గ్రీజూ ఉండేవి కదా అనుకుంటాను. బట్టతల ఎలాగూ వచ్చింది. గోళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.