కొండ చెరువులో నా గది

కర్నూలులో ఒక కాలేజీలో నేను భూగోళం చెబుతాను. వాన ఎట్లా పుడుతుందో, నీరు ఎటు పారుతుందో, పల్లం ఎక్కడుంటుందో పటం మీద కర్ర పెట్టి చూపించి జీతం తీసుకునే ఉద్యోగం. అటువంటివాణ్ణి ఒక చెరువులో గది కట్టాను. చెరువు పక్కన కాదు, చెరువులోనే. కట్టేటప్పుడు మాత్రం పక్కన కడుతున్నాననే అనుకున్నాను.

ఆ చెరువు మా అత్తగారి ఊరిది. బద్వేలు నుంచి కొండల వైపు పోతే, రెండు కొండల సందున ఎవరో పాతకాలం వాళ్ళు కట్ట వేసి వాగును ఆపారు. కట్టకు దిగువన ఊరి వరిమళ్ళు. ఎగువన కొండ మొదలు దాకా నీళ్ళు, ఉంటే. కట్టకు ఒక కొసన రాళ్ళతో కట్టిన మరవ ఉంది. చెరువు నిండితే మిగులు నీళ్ళు దాని మీదుగా దూకి వాగులో కలుస్తాయి. నిండితే అని ఎందుకంటున్నానంటే, నేను అల్లుడినైన నాటి నుంచి ఆ మరవ మీద నీళ్ళు దూకగా చూడలేదు. మేకలు దూకగా చూశాను.

నేను మొదట చూసింది మాఘమాసపు చెరువు. నీళ్ళు సగానికే ఉన్నాయి గానీ ఆ సగమే నాకు సముద్రం. పొద్దున్నే నీటి మీద పొగమంచు, ఆ మంచులో నడుము దాకా మునిగి నిలబడ్డ కొండ, జమ్ము పొదల్లో బుడుబుంగల కేకలు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. "పెళ్ళిచూపుల్లో నన్ను చూసి కూడా ఇంత నోరు తెరవలేదు" అని మా ఆవిడ ఇప్పటికీ సందర్భం దొరికితే గుర్తుచేస్తుంది. సందర్భం దొరక్కపోతే తనే పుట్టిస్తుంది.

తర్వాత సెలవు దొరికినప్పుడల్లా అత్తగారింటికి పోవడం మొదలుపెట్టాను. అల్లుడికి అత్తగారి మీద ఇంత ప్రేమా అని ఊరు మెచ్చుకుంది. ఫాల్గుణంలో కొండ మీద మోదుగలు ఎర్రగా పూస్తే నీళ్ళలోనూ ఎరుపు కదిలేది. చైత్రం దాటేసరికి నీరు వెనక్కి జరిగి జరిగి కట్ట దాపున ఒక పళ్ళెమంత మిగిలేది, చుట్టూ బీటలు పడిన ఒండ్రు. ఆ తడి ఒండ్రులో దోసతీగలు పెట్టేవాళ్ళు. నత్తగుల్ల కొంగలు వచ్చి, పెళ్ళిభోజనాల్లో చివరి బంతికి కూర్చున్న చుట్టాల్లా మిగిలిందంతా ఏరుకు తినేవి. తొలకరి పడితే కొండ గోధుమరంగు నుంచి పచ్చకు తిరిగేది, చెరువు మాత్రం ఏ సంగతీ తేల్చేది కాదు. ఆశ్వయుజంలో కొండ మీది సీతాఫలాలు గంపల్లో దిగేవి. ఒక్క చెరువే, ఏడాదికి ఇన్ని వేషాలు. నిండిన వేషం ఒక్కటే నాకు బాకీ.

నిండితే ఎంతమేర వస్తుందని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో బండ చూపించేవాళ్ళు. వాటిలో నాకు అనుకూలమైన బండనే నేను నమ్మాను.

ఎగువ అంచున, కొండ మొదట్లో మా బావమరిదికి కొంచెం నేల చెక్క ఉంది. రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ పండని చెక్క. దాంట్లో ఒక గది వేసుకుంటానని ఒకరోజు అతన్ని అడిగాను.

"గదా? ఈడ ఏం జేస్తావు బావా?"

"కూర్చుంటాను."

"కూర్చునేదానికి మా ఇంటికాడ అరుగు ల్యాదా?"

"అరుగు మీద నుంచి చెరువు కనిపించదు కదా."

అతను చెరువు వైపు చూశాడు. అది వైశాఖం. "టౌన్లో లేక్ వ్యూ అంటారే, అదా? ఈడ నీళ్ళు లేక వ్యూ బావా. సరే, కట్టుకో. ఈ చెరువు నిండేదీ ల్యాదు, నీ గది తడిసేదీ ల్యాదు." ఆ మాట అతనికే శానా నచ్చి, సాయంత్రానికల్లా ఊరంతా పంచిపెట్టాడు. పునాది తవ్వక ముందే నా గదికి 'నీళ్ళు లేక వ్యూ' అని పేరు స్థిరపడిపోయింది.

పునాది తవ్వితే నత్తగుల్లలు గంపెడు వచ్చాయి. ఎంత సారవంతమైన నేలో అనుకున్నాను. చుట్టూ తుమ్మకొమ్మల్లో, నా నడుం ఎత్తున, ఎండిన నాచూ పుల్లలూ చిక్కుకుని వేలాడుతుండేవి. అవి ఎప్పుడో వచ్చిన నీళ్ళు వదిలిపోయిన గుర్తులు. నేను వాటి ఫొటోలు తీసుకెళ్ళి కాలేజీలో పిట్టగూళ్ళని చూపించాను. ఏ పిట్టవి సార్ అని ఒకమ్మాయి అడిగింది. వలస పిట్టవి అన్నాను. పరీక్షలో ఆ ప్రశ్న ఇవ్వకపోవడం నా అదృష్టం.

ఒక గది, ముందు వరండా, వరండాలో ఒక పడక కుర్చీ. మొదటి రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి. నా వరండాకూ నీళ్ళకూ నడుమ ఊరి పిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు. ఆకాశంలోకి లేచిన బంతి ఎప్పుడైనా నా వరండాలో పడితే అది సిక్సరు. నేను చెరువు చూడ్డానికి పోయి బంతులు తిరిగి విసిరే పనిలో స్థిరపడ్డాను. అయినా సంతోషంగానే ఉండేది. మా బావమరిది సంగతి అట్లా కాదు. చెరువులో నీళ్ళు చాలక రెండో పంట లేని ఏడాది అతను వేంపల్లె వైపు అరటితోటలకు పోయి, గెలలు కోయించి లారీలకెత్తించే పని చేసేవాడు. ఎండాకాలమంతా ఇంటికి దూరం. పోయేటప్పుడు భార్యతో ఏమీ చెప్పకుండా నాతో "గది చూసుకో బావా" అని నవ్వి బస్సెక్కేవాడు.

ఆ తర్వాతి కార్తీకంలో తుఫాను పట్టింది. అల్పపీడనం వాయుగుండమైందని వార్తల్లో చెబుతుంటే, మామూలుగానైతే పిల్లలకు చూపించి మురిసిపోయే ఘట్టం. బావమరిది ఫోన్ చేశాడు. వెనక వాన మోతకు అతను అరుస్తున్నాడు.

"బావా! వాగొచ్చింది! చెరువుకు నీళ్ళు వస్తాండాయి!"

"ఎంత దాకా వచ్చాయి?"

"శానా! ఇంగా వస్తాండాయి!"

"అదికాదు, మన తుమ్మచెట్ల దాకా వచ్చాయా?"

"వస్తాయిలే బావా" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నాడో సంతోషిస్తున్నాడో తెలియనట్టు.

సెలవు పెట్టి పోయాను. రాయలసీమలో పుట్టి, ఇంక వాన వద్దు స్వామీ అని దేవుణ్ణి అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. పక్కన మా ఆవిడ ఉంది కాబట్టి లోలోపలే అడిగాను. లోలోపల అడిగింది దేవుడికి వినపడిందో లేదో గానీ మా ఆవిడకు వినపడింది. "సిగ్గుండాలి" అంది.

నీళ్ళు క్రికెట్ పిచ్చును మింగాయి. దోసతీగల జాగా, తంగేడు పొదలు, ఊరివాళ్ళు చూపించిన బండలు ఒక్కొక్కటీ మునిగాయి. నేను నమ్మిన బండ అన్నిటికంటే ముందు మునిగింది. వాన వెలిసిన పొద్దున నా వరండా గట్టుకు జానెడు దిగువన నీళ్ళు ఆగాయి. అదే సమయానికి కట్ట కొస నుంచి హోరు వినిపించింది. మరవ పారుతోంది. పోయి చూస్తే తెల్లటి నురగ, రాళ్ళ మీద ఎగిరే చిన్న చేపలు, ఆడవాళ్ళు గంగమ్మకని పసుపూ కుంకుమా చీరా తెచ్చి నీళ్ళలో వదులుతున్నారు. ఊరంతా కేరింతలు. అందరికన్నా పెద్ద గొంతు నాదే. మరవ పారిందంటే నీరు ఇంక పైకి లేవదు, నా గది దక్కింది అన్నది నా కేరింత అర్థం. అల్లుడికి ఊరి మీద ఎంత ప్రేమ అని మళ్ళీ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం కట్ట మీద ఊరు కూడింది. మరవ మీద ఇసుక మూటలు పేరిస్తే మూరెడు నీళ్ళు ఎక్కువ నిలుస్తాయి. కట్ట గట్టిగానే ఉంది, తట్టుకుంటుంది. ఆ మూరెడు నీళ్ళే రెండో పంట. కానీ ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. మూరెడు లేపితే ఎగువ అంచున మునిగేవాళ్ళుంటారు కదా, ముందు వాళ్ళను అడగాలి. ఒక్కరు కాదన్నా మూట పడదు. వెనకటికి అక్కడ జొన్నచేలు ఉండేవట, పెద్ద పంచాయితీలు జరిగేవట. ఇప్పుడు అక్కడ ఏ పంటా లేదు. నేనున్నాను.

ఊరి పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా అల్లుడా, పై అంచున నువ్వొక్కనివే ఉండావు. మూటలు వేయమంటావా, వద్దంటావా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఊరు నీళ్ళడిగితే నేను నీళ్ళు నమిలాను.

ముందుగా మాట్లాడింది మా బావమరిది. "వద్దులే పెద్దాయనా. బావ శానా ఇష్టపడి కట్టుకున్యాడు. ఉండే నీళ్ళు ఒక పంటకు చాలు." అట్లా అంటూ నా వైపు చూడలేదు. కట్ట దిగువన తన మడి వైపు చూస్తున్నాడు. అతని భార్య ఆడవాళ్ళ వెనక నిలబడి ఉంది. ఆమె ఎటూ చూడలేదు.

"ఆయనకు నోరుండాది కదా" అంది మా ఆవిడ. పుట్టింటికి రాగానే ఆమెకు పుట్టింటి యాస వచ్చేస్తుంది. "దినామూ క్లాసులో తెగ చెప్తాడు. ఈడ చెప్పనీ."

గొంతు సవరించుకున్నాను. "మూరెడంటే... ఎవరి మూర?"

కట్టంతా గొల్లుమంది. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "నీదే పెట్టుకోప్పా, పొట్టిచేయి నీది" అన్నాడు.

నవ్వుల మధ్య నేను చెయ్యి చాపి మోచేతి నుంచి వేలికొస దాకా చూసుకున్నాను. నా మూరైనా సరే, గదిలో పిక్కల దాకా నీళ్ళు. వరండాలో కుర్చీ మునగదు, కూర్చున్నవాడి కాళ్ళు మునుగుతాయి. ఆ మూరే దిగువన అయితే పచ్చటి చేను, ఎండాకాలమంతా ఇంట్లో ఉండే మనిషి. ఇంత చిన్న లెక్కకు భూగోళం అక్కర్లేదు. అయినా నాకు నోరు పెగలడానికి ఎంతసేపు పట్టిందో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే.

"వేయండి" అన్నాను. గదికి ఆ ఒక్క మాటతోనే నీళ్ళొదులుకున్నాను.

బావమరిది వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నిజంగానే అంటాండావా?"

"మళ్ళీ అడగొద్దు. మనసు మారితే మీ అక్క నన్ను గదితో పాటు ముంచుతుంది."

మర్నాడు పొద్దున్నే కుర్చీనీ పుస్తకాలనూ ట్రాక్టరెక్కించి, నేనూ మరవకాడికి పోయాను. "నువ్వొద్దు బావా, నడుం పట్టుకుంటాది" అన్నాడు బావమరిది. నన్ను ముంచే మూట నేనే మోస్తానని పంతం పట్టి ఒకటి భుజానికెత్తుకున్నాను. రెండోది ఎత్తుకోలేదు. నడుం పట్టుకుంది. తర్వాత గట్టున కూర్చుని, మూట మూటకూ హోరు సన్నబడుతుంటే విన్నాను. చివరి మూట పడ్డాక చెరువంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. నీరు ఎగువకు తిరిగి, తొందర లేకుండా, నా గది వైపు బయలుదేరింది.

సంక్రాంతి వెళ్ళాక, రెండో పంట నాట్ల రోజున మళ్ళీ పోయాను. కట్ట మీద నిలబడితే అవతల కొండ మొత్తం తలకిందులుగా నీళ్ళలో ఉంది. నా గది కప్పు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. వరండాలో ఒక బూడిదరంగు కొంగ పిక్కల్లోతు నీళ్ళలో నిలబడి చెరువును చూస్తోంది. నేను ఎట్లా చూడాలని ఆ గది కట్టుకున్నానో, అట్లానే. ఆ కొంగ మీద కొంచెం అసూయ కలిగిన మాట నిజం. అదిగాక అది నాకంటే ఎక్కువసేపు కదలకుండా నిలబడగలదు.

"బావా, నాటేవాళ్ళు తక్కువైనారు, దిగుతావా?" అని కింద మడిలోంచి బావమరిది కేకేశాడు. అతని భార్య నారుకట్టలు విసురుతోంది. ఈ ఏడు భర్త వేంపల్లె పోయేది లేదని ఆమె నాతో చెప్పలేదు, కానీ ఒక కట్ట సరిగ్గా నా ముందే వచ్చి పడింది.

ప్యాంటు మడిచి దిగాను. బురద చల్లగా, మెత్తగా కాళ్ళను పట్టుకుంది. కాసేపటికి వెనక నుంచి ఆడవాళ్ళ నవ్వు వినిపించింది.

"ఏమప్పా అల్లుడా, అందరి వరసలూ ఒక పక్క పోతాంటే నీ వరస యాడికి పోతాది? చెరువులోకా?"

వెనక్కి తిరిగి చూశాను. నిజమే, అటే పోతోంది. పీకి మళ్ళీ నాటాను.