విమానం దిగకూడదని మొక్కినామె

రెక్క చెడి వెనక్కి తిరిగిన విమానంలో కూర్చుని, అది నేల మీద దిగకూడదని కోరుకునే మనిషి ఉంటుందంటే మీరు నమ్ముతారా? ఏదీ విచారించకుండా నమ్మొద్దని ఊరూరా సభలు పెట్టి చెప్పినవాణ్ణి, నా మాట మాత్రం నమ్మండని ఎలా అంటాను? విని, మీరే తేల్చుకోండి.

సాయంత్రాలు ఇక్కడ కువైట్‌లో ఫింటాస్ ఒడ్డున నడుస్తుంటే సముద్రం మీదుగా విమానాలు తక్కువ ఎత్తులో వస్తాయి. ప్రతి విమానానికీ నేను ఆగిపోతాను. రెక్క వెనక అంచున ఉండే పలకలు కిందికి వాలాయా లేదా అని మెడ ఎత్తి చూస్తాను. నిన్న కూడా అలాగే నిలబడితే మా ఆవిడ నవ్వింది. "బల్లి శాస్త్రం చెప్పేవాళ్ళ మీద వ్యాసాలు రాస్తారు. మీరేమో విమానం రెక్క చూసి శకునం చెబుతున్నారు. పదండి, అన్నం చల్లారిపోతుంది." నిజమే, శకునంలాగే అయింది. ఆ పలకల వెనక నాకు ఒక మనిషి కనిపిస్తుంది.

పోయిన వేసవి సెలవులకు ఉదయం విమానంలో హైదరాబాద్ బయలుదేరాను. ఇక్కడి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే నాకు మూడు సీట్ల వరసలో నడిమిది దొరికింది. దారి పక్కన సల్వాలో ఒక ఇంటి కారు నడిపిన కడప యువకుడు. కిటికీ దగ్గర రాయచోటి వైపు ఆమె, జహ్రాలో ఇంటిపని చేసి వెళుతోంది. ఒళ్ళో నల్లసంచి పెట్టుకుంది. పైన పెట్టమని విమానంలో పనిచేసే అమ్మాయి ఎంత చెప్పినా, అది సొంత బిడ్డ అన్నట్టు రెండు చేతులా చుట్టేసుకుంది. ఇద్దరూ ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కాన్సిల్ చేయించుకుని, ఇక రానని వెళ్ళిపోతున్నవాళ్ళే. ఇంటికి పోయి ముందు ఏం చేస్తావమ్మా అని అడిగాను. ఇల్లు, బంగారం, తీర్థయాత్ర, ఇలాంటివేవో చెబుతుందనుకున్నాను.

"నిద్ర పోతానన్నా. ఎవురూ పిలవకుండా ఒగ దినమన్నా నిద్ర పోవాల."

"పోయినాక మీ వీధి కుక్కలు నిద్ర పోనిస్తాయా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"కుక్క అరిస్తే నేను లేసి టీ పెట్టబల్లేదు గదా నాయనా."

విమానం లేచింది గానీ పైకి పోలేదు. సముద్రం అంత దగ్గరలోనే ఉండిపోయింది. కాసేపటికి పైలట్ అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ ఏదో చెప్పాడు. చుట్టూ ఉన్న తలలన్నీ కళ్ళద్దాలున్న నా వైపు తిరిగాయి. గొంతు సవరించుకుని, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ఎగరడానికి రెక్క వెనక పలకలు చాపారు. ఇప్పుడవి ఇరుక్కుపోయాయి, లోపలికి ముడుచుకోవడం లేదు. చాపిన పలకలతో వేగంగా పోలేం, పోతే ఇంధనం హైదరాబాద్ దాకా రాదు. అందుకని వెనక్కి తిరిగి కువైట్‌లోనే దిగుతాం. నిండు బరువుతో దిగడం మంచిది కాదు కాబట్టి, ముందు సముద్రం మీద చుట్టూ తిరిగి ఇంధనం తగలబెడతారు.

"తగలబెట్టనీలే అన్నా, ఈ దేశంలో దానికేం కరువు?" అన్నాడు డ్రైవరు. "మా ఓనరు బాబా బండికి పంచరైతే నన్ను తిట్టేటోడు. ఈ పైలట్‌ను ఎవురు తిడతారో!" ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు.

మొక్కులు మొదలయ్యాయి. దర్గాకు చాదర్ కప్పుతానని ఒకరు, కొండకు నడిచొస్తానని మరొకరు, వెనక వరసలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక నర్సు ఆపకుండా ప్రభువా, ప్రభువా అని. ఊళ్ళో సభ అయితే నేను వదిలేవాణ్ణి కాదు. ఇంతమంది దేవుళ్ళున్నారు కదా, ఆ పలకను లోపలికి తొయ్యడానికి ఒక్కరూ రారేమని అడిగేవాణ్ణి. ఆ రోజు అడగలేదు. నా చేతులూ సీటును గట్టిగా పట్టుకునే ఉన్నాయి. భౌతికశాస్త్రం తెలిసినవాడికీ చెమట అందరిలాగే పడుతుంది.

అప్పుడు కిటికీ వైపు నుంచి సన్నగా వినిపించింది. "గంగమ్మ తల్లీ, ఈడ దించొద్దు. యాడన్నా దించు. ఈడ మాత్రం దించొద్దు."

"భయపడకమ్మా, దించుతారు. ఇలాంటివాటికి పైలట్లు ముందే అభ్యాసం చేసి ఉంటారు," అన్నాను.

"దించుతారనే గదన్నా నా బయము." సంచిని ఇంకా దగ్గరికి లాక్కుని, తాను మామా అని పిలిచే యజమానురాలి సంగతి చెప్పింది. "మామా మూడుతూర్లు పొమ్మనింది, మూడుతూర్లు వద్దనింది. పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టు కాడికి వచ్చినాకే చేతికిచ్చింది. మళ్ళా ఈడ కాలు పెడితే నన్ను పోనిస్తాదా?"

"కాన్సిల్ అయినాక మామా ఏంది, బాబా ఏంది? ఖలాస్!" అన్నాడు డ్రైవరు. "నాదీ కాన్సిలే. సూడు, ఎట్ల కూసోనుండానో."

"నీకేం నాయనా. నీ బండికి ఇంగొగ డ్రైవరు దొరుకుతాడు. ఆ యింటి పిల్లోల్లు నా చేతి ముద్దే తింటారు."

ఇన్నాళ్ళూ దేవుడు లేడని వాదించాను. ఒకే విమానంలో అందరూ దించమని, ఒక్క మనిషి దించొద్దని మొక్కుకోవడం ఏ వాదంలోనూ నాకు ఎదురుకాలేదు. నియమం ప్రకారం నిన్నెవరూ ఆపలేరని చెప్పాను. నేను చెప్పింది సరైనదే. ఆమె నమ్మలేదు, అదీ సరైనదే.

దిగేటప్పుడు మామూలుకంటే వేగంగా దిగాం. కిటికీలోంచి ఎర్రటి ఫైరింజన్లు వెంట పరిగెత్తడం కనిపించింది. విమానం ఆగగానే చప్పట్లు, ఏడుపులు, కౌగిలింతలు. ఆమె మాత్రం కదలకుండా, "ఇది కువైటేనా అన్నా?" అని అడిగింది. అవునన్నాను. అంతకంటే క్రూరమైన మాట నేను ఎవరితోనూ అనలేదనుకుంటాను.

ఇఖామా ఉన్నవాళ్ళు ఇళ్ళకు పోయి మర్నాడు రమ్మన్నారు. కాన్సిల్ అయినవాళ్ళు లోపలే ఉండాలన్నారు. వాళ్ళతో నేనూ ఉంటానని అడిగాను. అధికారి మర్యాదగానే తల అడ్డంగా ఊపి, "యల్లా, యల్లా" అని దారి చూపించాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఒక కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. అలిసిపోయిన పక్కవాళ్ళంతా అప్పుడే కునుకు తీస్తున్నారు.

మర్నాడు వేరే విమానం, అవే సీట్లు. డ్రైవరు వచ్చాడు. కిటికీ సీటు ఖాళీగా ఉండగానే తలుపు మూశారు.

"విమానం తిరిగొచ్చినాదని ఎట్ల తెలిసినాదో, మామా ఫోన్ చేసిందన్నా," అన్నాడు నేను అడక్కముందే. "తీయద్దక్కా అని చెప్తానే ఉండా. తీసింది. మామా అంటే పలికే అలవాటు గదా, చెయ్యి దాని పాటికి అదే పోయింది. రొంచేపటికి మామా వచ్చినాది, ఎంబడి ఎయిర్‌పోర్టు ఆఫీసరు ఒగాయన. కాయితాల గురించి ఏం మాట్లాడుకున్న్యారో మనకేం తెలుస్తాది? ఎవురూ చెయ్యి పట్టుకోని లాగలేదన్నా. మామా యల్లా అనింది. ఆయమ్మ లేసి సంచి ఎత్తుకోని పోయింది. నా పక్క సూసింది గూడా ల్యా."

దారంతా వాడు మళ్ళీ ఒక్క పరిహాసం ఆడలేదు.

తిరిగొచ్చాక జహ్రాలో తెలిసినవాళ్ళను అడిగాను. ఇంటి గుర్తు లేదు, ఫోన్ నంబరు లేదు. పేరు ఒక్కటే తెలుసు. ఆ పేరున్నవాళ్ళు అక్కడ ప్రతి వీధిలో ఉన్నారు. ఇరుక్కుపోయిన పలకతో విమానాన్ని ఎలా దించాలో మనిషి ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. దిగిన ఆ ఒక్క మనిషిని ఎలా ఇంటికి చేర్చాలో ఎవరూ ఆలోచించి పెట్టలేదు. ఆ పలక వల్ల నాకు ఆలస్యమైంది ఒక్క రోజు. ఆమెకు ఎన్నాళ్ళో ఇప్పటికీ తెలియదు. అదే పలక, అదే విమానం, కాలం మాత్రం మనిషిని బట్టి సాగింది.

మీ వీధిలోంచి, మీ బంధువుల్లోంచి ఇలా ఇక్కడికి పనికి వచ్చిన ఆడమనిషి ఒకరైనా ఉంటుంది. ఇది చదవడం ఆపి ఆమెకు ఫోన్ చెయ్యండి. ఎప్పుడొస్తావని ఊరికే అడిగి పెట్టేయకండి. నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో చెప్పమనండి, ఇంటి గుర్తు అడిగి రాసుకోండి. ఇప్పుడే.