అక్క ఇంటి గాలి ఫ్యాను

కోరుట్లలో మా అక్క ఇంటి గోడకు చిల్లు పెట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక. ఇంకెవరైనా పెట్టి ఉంటే వాణ్ని నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ని.

నేను జగిత్యాలలో ఉంటాను, కరెంటు పని చేస్తాను. ఇళ్లలో గాలి ఆడటానికి, తక్కువ కరెంటుతో నడిచే ఫ్యాన్ల మీద ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చినప్పుడు, వాటిని బిగించేవాళ్ల జాబితాలో నేనూ చేరాను. ఆ ఫ్యాను గోడ పైభాగంలో కూర్చుంటుంది. లోపలి చెడుగాలిని బయటికి లాగేస్తుంది. చిన్న బల్బు వెలిగినంత కరెంటే కాలుతుంది. ఇంట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్లకు, బీడీలు చుట్టేవాళ్లకు ముందు ఇవ్వమన్నారు.

సిరిసిల్లలో, తంగళ్ళపల్లిలో చాలా ఇళ్లకు నేనే బిగించాను. ముందు గదిలో రెండు సాంచాలు చెవులు పగిలేలా కొట్టుకుంటుంటే వెనక గదిలో అన్నం తిని పడుకునే ఇళ్లవి. నెల తిరిగాక వెళ్లి చూస్తే ఫ్యాను రెక్కలకు దూది నుసి ముసలాయన గడ్డంలా వేలాడేది. ఇంటివాళ్లు అది చూసి ముఖం చిట్లించుకునేవాళ్లు. నాకు మాత్రం గర్వంగా ఉండేది. ఆ నుసి అంతా ఊపిరితిత్తుల్లోకి పోకుండా రెక్కలకు చిక్కింది కదా.

ఊరందరి ఇళ్లకూ గాలి ఆడిస్తున్నవాడికి సొంత అక్క దగ్గు గుర్తుండదా? ఉంది. అందరికన్నా ముందు ఆమె కాగితాలే పెట్టాలనుకున్నాను.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పుడు అక్కకు పదహారు. ఆ రోజు నుంచి ఆమె ఒడిలో చాట పెట్టుకుని నన్ను పెంచింది. ఆ చాటలో ఒక పక్క తునికాకు, ఒక పక్క తంబాకు. ఆకులో తంబాకు పెట్టి, చుట్టి, దారం కట్టి, మూతి మడవడం. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే. నేను ఐటీఐ చదివింది ఆ చాట మీదే. తర్వాత బావ పోయాడు. అక్కా, ఆమె కూతురూ రెండు గదుల ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చుట్టేవాళ్లు. దగ్గు చిన్నగానే మొదలైంది. ఆ తర్వాత అది అక్క మాటల మధ్యకు వచ్చి కూర్చుంది.

జగిత్యాలలో డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూసి, "ఈ పని బందు పెట్టాలె అమ్మా. పెట్టలేనంటే ఇంట్ల గాలన్న ఆడాలె" అన్నాడు. అక్క మొదటి మాట విననట్టే ఉంది. రెండో మాటను నేను పట్టుకున్నాను.

ఆధార్ జిరాక్సు, కరెంటు బిల్లు, బీడీ కార్డు, ఇంటి ముందు నిలబడి దిగిన ఫోటో. అన్నీ తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చి వచ్చిన రోజు అక్క నన్ను ఆటపట్టించింది.

"గాలికి గూడ సబ్సిడీ ఇస్తుండ్రా తమ్మీ?"

"ఇస్తుండ్రు అక్కా."

"గట్లయితే నిద్రకు గూడ ఇయ్యుమను. నిద్ర రాక శాన దినాలాయె."

నవ్వింది. నవ్వు కాస్తా దగ్గయింది. దగ్గు ఆగేదాకా నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఫ్యాను వచ్చింది. ఎక్కడ పెట్టాలో కాగితంలో బొమ్మ గీసి మరీ ఇచ్చారు. తలుపుకు సరిగ్గా ఎదురు గోడకు, పైకప్పుకు జానెడు కింద. తలుపులోంచి వచ్చిన గాలి గదిని దాటుకుంటూ ఫ్యానులోంచి బయటికి పోవాలి. నేను టేపు పెట్టి కొలిచి, సుద్దతో గుండ్రం గీసి, ఉలి పెట్టాను. అక్క వెనకే నిలబడి చూస్తోంది.

"తమ్మీ, జర గా మూలకు పెట్టరాదు?"

"మూలకు పెడితే ఆఫీసు సారు పాస్ చెయ్యడక్కా. నీకేం తెల్వది, నువ్వు ఊకో."

ఊరుకుంది. నా అక్క నా మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. నాకు నాలుగు అక్షరాలు ఎక్కువ వచ్చని ఆమె నమ్మకం. ఆ అక్షరాలు చెప్పించింది తానేనన్నది ఆమెకు గుర్తుండేది కాదు.

స్విచ్ వేయగానే ఫ్యాను సన్నగా శబ్దం చేస్తూ తిరిగింది. గదిలో ఏళ్ల తరబడి పేరుకున్న తంబాకు ఘాటు కొంచెం కొంచెంగా పల్చబడింది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చూశారు. "మా తమ్ముడు పెట్టిండు" అని అక్క ఒక్కొక్కరికీ చెప్పింది. సర్కారు సబ్సిడీ అని ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం కోరుట్ల వెళ్లేవాణ్ని. గల్లీ మొదట్లో బండి హారన్ రెండుసార్లు కొట్టడం నాకు అలవాటు. అక్కడ మేకలుంటాయి, పిల్లలుంటారు. పైగా ఆ హారన్ వింటే అక్క చాయ్ పెడుతుంది. లోపలికి అడుగు పెట్టేసరికి పైన ఫ్యాను తిరుగుతూ ఉండేది. చాట మీద గుడ్డ కప్పి పక్కన పెట్టి ఉండేది. నేను వచ్చానని పని ఆపిందనుకునేవాణ్ని.

"ఎట్లున్నదక్కా?"

"మంచిగున్నది తమ్మీ. పానం లేసచ్చినట్టున్నది."

కానీ దగ్గు తగ్గలేదు. మందులు మార్పించాను. పీల్చే మందు కొనిచ్చాను. చివరికి డాక్టరు మీద అరిచాను. గాలి ఆడే ఇంట్లో ఉన్న మనిషికి దగ్గెందుకు తగ్గదని నిలదీశాను. ఆయన "ఫ్యాను నడుపుతున్నరా?" అని అడిగాడు. నా పనినే అనుమానిస్తాడా అని నాకు ఒళ్లు మండింది. నేను కళ్లారా చూస్తున్నానని చెప్పి వచ్చేశాను.

వానలు మొదలైన రోజుల్లో, ఆస్పత్రిలో, ఒక పొద్దున అక్క పోయింది. చివరి రెండు రోజులు ఆమెకు గాలి ఒక గొట్టంలోంచే అందింది. నాకు రెండోసారి తల్లి పోయింది. మొదటిసారి పోయినప్పుడు అక్క ఉంది. ఈసారి ఎవరూ లేరు.

నాలుగు నెలల తర్వాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫ్యాను పెట్టి ఏడాదయింది, నడుస్తున్నదో లేదో చూడటానికి సారు వస్తాడన్నారు. ఆయన కన్నా ముందే నేను కోరుట్ల చేరాను. వెంట సీసాలో కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు తీసుకెళ్లాను. బీడీలు చుట్టే ఇంట్లో ఏడాది తిరిగిన ఫ్యాను ఎలా ఉంటుందో నాకు తెలుసు. రాయికల్‌లో ఎన్ని కడగలేదు! తంబాకు పొడి జిడ్డులా పేరుకుని, వేలు పెడితే అంటుకుంటుంది. అక్క ఫ్యానును సారు ఆ మురికితో చూడకూడదనుకున్నాను.

స్టూలు ఎక్కి ఫ్యాను ముందున్న జాలీ ఊడదీశాను. రెక్కలు తెల్లగా ఉన్నాయి. డబ్బాలోంచి తీసిన రోజు ఎట్లున్నాయో అట్లే ఉన్నాయి. జాలీ వెనక సాలెపురుగు గూడు కట్టుకుంది.

"దీన్ని ఎవలు తుడిసిండ్రే?" అని మేనకోడల్ని అడిగాను.

"ఎవ్వలు తుడువలే మామా."

నేను స్టూలు మీదే ఉన్నాను. కింద ఆ పిల్ల తల వంచుకుని దారం చుడుతోంది. దారం తెంపుతూ తానే చెప్పింది.

"అమ్మ నువ్వచ్చినప్పుడే ఏసేది మామా. నీ బండి హారన్ ఇనంగనే లేసి ఏసేది. ఫ్యాను తిరిగితే తలుపులకెళ్లి గాలి సీద చాట మీదికే కొడ్తుండె. ఆకు ఎండి పలిగిపోతుండె, తంబాకు లేసి కండ్లల్ల పడుతుండె. కార్ఖానోళ్లు మా బీడీలు మంచిగ లెవ్వని ఏరి పక్కకు పారేస్తుండిరి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"తమ్ముడు మనసుపడి పెట్టిండు, చెప్తే చిన్నబుచ్చుకుంటడు అన్నది."

ఇది నాకు తెలియని సంగతైతే బాగుండేది. బీడీ ఆకు తడి ఆరకూడదు. అందుకే బీడీలు చుట్టేవాళ్లు ఎండాకాలంలో కూడా కిటికీలు మూసుకుని చెమటలో కూర్చుంటారు. చిన్నప్పుడు అక్క చాట ముందు కూర్చోగానే కిటికీ రెక్కలు మూసేది నేనే. గోనెసంచి తడిపి ఆకుల మీద కప్పేది నేనే. బడికి పోయే ముందు నా పని అది. ఆ పని చేసిన చేతులతోనే, ఆమె కూర్చునే చోటికి సరిగ్గా గాలి కొట్టేలా గోడకు చిల్లు పెట్టాను. ఉలి పట్టుకోగానే కాగితంలోని బొమ్మ గుర్తొచ్చింది, అక్క చాట గుర్తురాలేదు.

ఫ్యాను తిరిగి ఉంటే అక్క బతికేదా? డాక్టరు చెప్పలేడు, నేనూ చెప్పలేను. ఇంకో ఏడాది బతికేదేమో. ఇంకో ఏడాది చాలా ఎక్కువ నాకు.

సారు వచ్చాడు. స్విచ్ వేసి చూశాడు. జాలీలోంచి టార్చి కొట్టి రెక్కలు చూసి సంబరపడ్డాడు. "కొత్తదాని లెక్కనే ఉంచిండ్రు. అందరు గిట్ల ఉంచుకుంటే మాకు ఏం ఫికర్ ఉంటది!" అన్నాడు. ఫోటో కోసం లబ్ధిదారును ఫ్యాను కింద నిలబడమన్నాడు. ఆమె లేదని చెప్పాను. అయితే ఇంట్లో ఇంకెవరైనా పర్వాలేదన్నాడు. మేనకోడలు కొంగు సర్దుకుని నిలబడింది. ఆయన ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ పిల్ల వెళ్లి తలుపు దగ్గర, తల్లి కూర్చునే చోటే కూర్చుంది. వెలుతురు అక్కడే ఉంటుంది. ఒడిలోకి చాట లాక్కుంది. ఫ్యాను ఇంకా తిరుగుతోంది. చాటలో తంబాకు సన్నగా లేస్తోంది. ఆ పిల్ల ఒకసారి దగ్గింది.

"మామా, జర బందు చేస్తవా?"

వెళ్లి బందు చేశాను. చిన్నప్పుడు కిటికీ మూసినట్టే. తర్వాత ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వు చెప్పు బిడ్డా. ఎక్కడ పెడితే నీకు మంచిగుంటది?"

ఆమె తల తిప్పి, చేతిలోని కత్తెర మొనతో వెనక మూల చూపించింది.

"గా మూలకు. గాలి నా ఈపు ఎనుకకెళ్లి పోతది, చాటకు తాకది. అమ్మ గప్పుడే గాడ పెట్టుమన్నది గద మామా."

బండి పెట్టెలోంచి సుత్తి, ఉలి తెచ్చాను. పాత చిల్లు ఇటుకలతో పూడ్చి, ఫ్యానును ఆ మూలకు మార్చాను. అంతా కలిపి రెండు గంటలు కూడా పట్టలేదు.