చెట్లు కొట్టేవాళ్ల సినిమా

తొంభైల్లో గల్ఫ్‌లో, తుబ్లీలోని మా కూలీల క్యాంపులో ఒక కట్టుబాటు ఉండేది. ఇంటి నుంచి చావు కబురు వస్తే, ఆ మనిషి కడుపునిండా తిన్నాకే చెప్పాలి. అంతకుముందు ఒకతను ఖాళీ కడుపుతో కబురు విన్నాడు. రెండు రోజులు మెతుకు ముట్టలేదు. ఇంటికెళ్లే విమానం టికెట్ చేతికొచ్చేసరికి మంచం మీంచి లేవలేకపోయాడు. అప్పటి నుంచి ఇదే పద్ధతి. నేనే ఇద్దరికి దగ్గరుండి తినిపించాను.

ఒక శుక్రవారం, సెలవు రోజు, వంట వంతు నాది. నేను ఆలస్యంగా లేచి చూస్తే కూర అప్పటికే ఉడికిపోయింది. మా పక్క ఊరి కాక, నాతోపాటే వడ్రంగి పని చేసేవాడు, పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మంచి ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

"నా వంతుల మీరెందుకు వండిన్రు?" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"తిను బిడ్డా. సినిమా సూసుకుంట తిను."

నా కోపం అక్కడే ఆగిపోయింది. ఇంటి దగ్గర నా భార్యకు నెలలు నిండాయి. పోయింది ఆమెనా, లోపలి బిడ్డనా? అడిగితే చెప్పరు. ముందు తినాలి.

హూరా బజారులో వీడియో క్యాసెట్ల కొట్టుకు వారం వారం వెళ్లేది నేనే. ఆ రోజు వేరే ఎవరో వెళ్లి చేతికందింది పట్టుకొచ్చారు. నలుపు తెలుపుల పాత ఇంగ్లిష్ సినిమా. ఏదో యుద్ధం నడుస్తోంది, దానికి దుంగలు కావాలని నలుగురు అడవిలో చెట్లు కొడుతున్నారు. చేతిలో డబ్బుల్లేకుండా తీసిందని మాకే తెలిసిపోయింది. వెనకాల కొండలు గుడ్డ మీద గీసినవి, గాలికి ఊగుతున్నాయి. ఒకే చెట్టు మూడుసార్లు పడింది.

"మళ్ల గదే చెట్టు గద కాకా!" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వేరే రోజైతే ఈలలతో గది ఎగిరిపోయేది.

"వానికి గొడ్డలి పట్టుడే రాదు" అన్నాడు కాక, టీవీ వైపు చూడకుండానే.

ఏడుపు రాలేదు. భయం కూడా లేదు. ఒళ్లంతా మొద్దుబారింది. చివరి ముద్ద పళ్లెంలోనే ఉంచాను. అది ఉన్నంతసేపూ ఇద్దరూ బతికే ఉన్నట్టు అనిపించింది. సినిమా అయిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ వేయమన్నాను. వేశారు. వేళ్ల మీద మెతుకులు ఎండిపోయాయి. ఆ చెట్టు ఆరోసారి పడ్డాక ముద్ద నోట్లో పెట్టుకుని, వెళ్లి చెయ్యి కడుక్కొచ్చాను.

"ఇగ చెప్పు కాకా."

"నీకు ఆడపిల్ల పుట్టింది. మంచిగున్నది." కాక నా తడి చెయ్యి పట్టుకున్నాడు. "తల్లి దక్కలే బిడ్డా."

"ఎప్పుడు?"

"మొన్ననే. ఫోను ఇయ్యాల పొద్దుగాల వచ్చింది. ఆడ అన్నీ అయిపోయినయి."

ఎవరో లేచి టీవీ ఆపేశారు. ఆమె అప్పటికే బూడిదైపోయింది. ఆ ముద్ద మిగిల్చి నేను ఆపగలిగింది నా కూతురు పుట్టిన కబురొక్కటే.