తాళానికి బదులు ఘటం

దేవుణ్ని నమ్మని మనిషి దేవుణ్ని వాడుకోవాలని చూస్తే ఏమవుతుందో మొన్న దసరాకు మా ఇంట్లో తేలిపోయింది. నవ్వాలనిపిస్తే నవ్వండి, కాకపోతే టీ మీద పోసుకోకుండా నవ్వండి.

మా చిన్నమ్మ కూతురు అనసూయ హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. దేని మీద? జొన్న వేరు మీద. వేరు కూడా కాదు, వేరు కొస. కొసలో కణం. కణం లోపల చిన్న చిన్న సంచులు. ఆ సంచుల్లో ఉండే ప్రొటీన్లు!

"ఇంకా లోపలికి పోతవా తల్లీ, అక్కడ ఆగుతవా?" అన్నాను.

"అక్కడిదాకా పోనిస్తే కద అక్కా!" అంది.

పోనివ్వనిది మగవాళ్లు. ఆ సంచులను విడదీయాలంటే చల్లగా ఉంచుతూ గిరగిరా తిప్పే పెద్ద యంత్రం కావాలి. సెంట్రిఫ్యూజ్ అంటారు. డిపార్ట్‌మెంటు మొత్తానికి అది ఒక్కటే. అనసూయ వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ పేరు కొట్టేసి తమ పేరు రాసుకునేవారు. అడిగితే "నీకేం తొందరమ్మా, పెళ్లయితే ఎలాగూ మానేస్తావు" అని జవాబు. ఈసారి మాత్రం దసరా మరునాడు పొద్దున ఏడింటికి యంత్రం ఖాళీ. మగవాళ్లంతా అమ్మల చేత వండించుకుని తినడానికి ఊళ్లకు పోయారు! ఆ నెలాఖరుకు అనసూయ ఫెలోషిప్పు అయిపోతుంది. ఫలితం చూపిస్తే ఇంకో ఏడాది. చూపించకపోతే సంబంధాల చిట్టా పట్టుకుని మా చిన్నాయన కోహీరులో సిద్ధంగా ఉన్నాడు.

పండక్కి హాస్టలు మూసేశారు. అందుకని దసరాకు నాలుగు రోజుల ముందు అనసూయ తడి ఇసుక నింపిన నాలుగు ట్రేలతో జహీరాబాదులో మా ఇంట్లో దిగింది. వాటిలో జొన్నలు చల్లి, వెనక అర్రలో పెట్టి, కిటికీకి నల్లగుడ్డ కట్టింది. టార్చిలైటుకు ఆకుపచ్చ కాగితం చుట్టి నా చేతికిచ్చింది.

"అక్కా, నీళ్లు చల్లేటప్పుడు ఇదొక్కటే వాడు. వేరే వెలుగు పడితే మొలకలు పచ్చబడి పనికిరాకుండ పోతయ్. ఎవ్వరినీ లోపలికి రానియ్యకు. నేను కోహీరు పోతున్న, అక్కడ నాయన వీటిని ఉండనియ్యడు. దసరా నాడు పగటి బస్సుకొచ్చి మూడింటి బస్సుకు తీస్కపోత."

"ఫికర్ చేయకు. నా మీద వదిలెయ్" అన్నాను. ఆడదాని చదువు గురించి అన్ని వ్యాసాలు రాసినదాన్ని, నాలుగు ట్రేలు కాయలేనా?

మర్నాడే పక్కింటి నీలవ్వ చాట కోసం వచ్చి నేరుగా ఆ అర్ర తలుపు మీద చెయ్యేసింది. వాళ్లది బీదరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, బజార్లో కిరాణం. మనిషి బంగారం, కానీ తలుపు అన్నది మూసి ఉంచడానికని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వేరు, కణం, సంచి, ప్రొటీన్ అని మొదలుపెడితే నేను ముగించేలోపు ఆమె తలుపు తీసేస్తుంది. నా నోటికి ఏదొస్తే అది అనేశాను.

"ఆగు నీలవ్వా! లోపల ఘటం పెట్టిన!"

ఆమె చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. వాళ్లలో నవరాత్రులకు చీకటి మూలన మట్టిలో ధాన్యం చల్లి, ఆ మొలకలనే అమ్మవారిగా కొలుస్తారు. ఆ సంగతి నాకు తెలుసు.

"నువ్వా టీచరమ్మా? నువ్వు ఘటం పెట్టినవా? గింత ఆలస్యంగానా? పోనీ తియ్, తల్లి ఏమనుకోదు" అని నీలవ్వ కళ్లు తుడుచుకుంది.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. నేను మారానట! గడప ముందు పూలు వచ్చిపడ్డాయి. పిల్లలు ఆ దిక్కు రావడం మానేశారు. నాకు సిగ్గేసిందా? లేదు, మురిసిపోయాను. పైసా ఖర్చు లేని తాళం, తాళంచెవి పోయే భయం లేదు! రోజూ ఆకుపచ్చ వెలుగులో లోపలికి పోయి నీళ్లు చల్లి వచ్చేదాన్ని. పాలిపోయిన పసుపు మొలకలు సన్నగా, నిటారుగా లేస్తుంటే నాలో నేనే నవ్వుకునేదాన్ని.

దసరా పొద్దున ఐసు తేవడానికి పోయాను. వేర్లను చల్లగా తీసుకుపోవాలి కదా. ఐసు ఫ్యాక్టరీలో బతిమాలి ఒక దిమ్మ తీసుకుని, గోనెలో చుట్టి, రిక్షాలో వేసుకుని ఇంటికొచ్చేసరికి వెనక అర్ర తలుపు బార్లా తెరిచి ఉంది!

లోపల దీపం వెలుగుతోంది. ఎనిమిదిమంది ఆడవాళ్లు. ఎనిమిది కొప్పుల్లో పసుపు మొలకలు! ట్రేల్లో ఇసుక తప్ప ఏమీ కనబడటం లేదు.

"వచ్చినవా బిడ్డా!" అంటూ నీలవ్వ ఎదురొచ్చి నా జడలో కూడా నాలుగు మొలకలు దోపింది. "దసరా నాడు మొలకలు తెంపి తలల పెట్టుకోవాలె. నీకు రివాజు తెల్వదని మేమే తెంపినం. ఆలస్యమైతే అరిష్టం కద!"

ఘటం పెడతారని మాత్రమే నాకు తెలుసు. దాన్ని తీస్తారని, తీసి తలలో పెట్టుకుంటారని తెలియదు. ఐసు దిమ్మ మీదే కూలబడ్డాను.

సరిగ్గా అప్పుడే అనసూయ వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక్కొక్క కొప్పునూ చూసింది. చివరికి నా జడ.

"ఘటం అని చెప్పిన" అన్నాను నేలచూపులు చూస్తూ.

"నువ్వా!"

తిడితే బాగుండు! ట్రే దగ్గర కూర్చుని వేలితో ఇసుక కెలికింది. ఒక వేరు పైకి తీసి చూసింది. ఇంకోటి తీసింది.

"పైది తెంపిన్రు. వేర్లు ముట్టలే. కిందికి వెలుగు కూడా పోలే" అంది. "కానీ పైది పోయినంక ఇవి ఎక్కువసేపు మంచిగుండయి. ఇప్పుడే కొసలు కోసి ఐసుల పెట్టాలె. వేలకొద్దీ ఉన్నయ్. మూడింటికి బస్సు. నేనొక్కదాన్ని ఎట్ల కొయ్యాలె?"

నీలవ్వకు సగమే అర్థమైంది, ఆ సగం చాలింది. "పిల్ల చదువు పోతదా ఏంది? దీపం ఆర్పుండ్రి! తలుపు మూయుండ్రి! మా దుకాన్ల బ్లేళ్ల డబ్బా ఉన్నది, ఎవరన్న ఉరుకుండ్రి!"

చీకట్లో ఆకుపచ్చ టార్చి పెట్టుకుని పదిమందిమి కూర్చున్నాం. ఒక్కో వేరు కడిగి, బియ్యపు గింజలో సగమంత కొస కోసి, ఐసు మీద పెట్టిన గిన్నెలో వెయ్యాలి. జీవితమంతా కత్తిపీటల మీద అరిగిపోయిన ఆ చేతులను చూడాలి మీరు! నా వేళ్లు రెండు తెగాయి. వాళ్లు కబుర్లు ఆపకుండా కోస్తూనే ఉన్నారు.

"గింత కొసల ఏమున్నది బిడ్డా?" అని నీలవ్వ అడిగింది.

"దారి ఉన్నదవ్వా" అంది అనసూయ. "కొసల ఉన్న కణాలల్ల చిన్న సంచులుంటయ్. వాటి నిండ పిండి గింజలు. బరువుకు అవి కిందికి జారి కణం అడుగున కూసుంటయ్. అవి ఏ దిక్కు కూసుంటే వేరుకు అదే కింద. మొలకను అడ్డంగ పండబెట్టు, గింజలు జరుగుతయ్, వేరు మల్ల కిందికే వంగుతది. ఆ సంచుల్ల పిండి చేసే ప్రొటీన్లు ఏవో చూడాలని నా తిప్పలు."

బ్లేళ్లన్నీ ఆగిపోయాయి. నీలవ్వ తన అరచేతిలో వేరును టార్చి దగ్గరికి తెచ్చి చాలాసేపు చూసింది.

"కండ్లు లేవు, చెప్పేటోళ్లు లేరు. అయినా ఎటు పోవాల్నో దానికి ఎరుకేనా!"

అంత చిన్న కొసలో, మన అడుగుల కింద, మనం పుట్టకముందు నుంచీ ఇంత పని నడుస్తోందా! ఆ చీకట్లో పదిమంది ఆడవాళ్లం ఊపిరి బిగబట్టి ఒక జొన్న వేరు ముందు కూర్చున్నాం. ఏ సభలోనూ నేను అంత నిశ్శబ్దం చూడలేదు.

మూడింటి బస్సుకు గిన్నెతో సహా అనసూయను ఎక్కించాం. మర్నాడు ఏడింటికి యంత్రం తిరిగింది.

పదిహేను రోజుల తర్వాత అనసూయ మా ఇంటికి ఒక ఫోటో తెచ్చింది. తెల్లటి పట్టీ మీద సన్నని నీలం గీతలు, నిచ్చెన మెట్లలాగా. ఒక్కో గీత ఒక ప్రొటీనట! ఆరోజు మేం కోసిన కొసల్లోవే. ఫెలోషిప్పు ఇంకో ఏడాది పొడిగించారు. చిన్నాయన చిట్టా అటక ఎక్కింది. నీలవ్వ ఆ ఫోటోను తిప్పి తిప్పి చూసి "చక్కగున్నయ్" అని, నేత చీర అంచును మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది.

"మరి మొలకలు తెంపిన సంగతి మీ గైడుకు చెప్పినవా?" అని భయంగా అడిగాను.

"నోట్‌బుక్కుల రాయకుంటే ఎట్ల అక్కా? 'పై మొలకలు ముందుగా తొలగించి, గంట తర్వాత వేరు కొసలు కోయడమైనది' అని రాసిన. ఎవరు తెంపిన్రో రాయలే. సార్ చూసి, 'గీతలు చాలా శుభ్రంగా వచ్చాయి, ఇకనుంచి అందరూ ఇట్లనే చేయండి' అన్నడు."

ఇప్పుడు ఆ ల్యాబులో మగవాళ్లంతా జొన్న మొలకల తలలు తెంపి, గడియారం చూస్తూ సరిగ్గా గంటసేపు కూర్చుంటున్నారట. ఎందుకని ఒక్కడూ అడగడట.

పన్నెండేళ్లుగా ఆచారాలను రూపుమాపాలని రాస్తున్నాను. ఒక్కటీ చెక్కు చెదరలేదు. నా చేతుల మీదుగా మాత్రం కొత్తది ఒకటి మొదలైంది, అదీ సైన్సు ల్యాబులో!