ముఖం లేని బైబిలమ్మ

మొన్న ఆదివారం మా ఊరి చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. తెల్లటి ముఖం, తీర్చిన ముక్కు, చల్లని నవ్వు, కింద "మన సంఘాన్ని మొదలుపెట్టిన బైబిలమ్మ" అని రాత. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫొటోను ఏ పాత పుస్తకంలోంచి తీశారో, ఆ పుస్తకంలో ఆమెకు అసలు ముఖమే లేదని నాకు తెలుసు. ఆ పేజీ కట్టింది నేనే.

తొంభైల చివర, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల పక్కనంతా డీటీపీ సెంటర్లే. పర్చూరు దగ్గరి మా పల్లె నుంచి వచ్చి అలాంటి ఒకదాంట్లో ఆపరేటరుగా చేరాను. కోచింగ్ నోట్సు, శుభలేఖలు, మిరప విత్తనాల కరపత్రాలు అన్నీ మా చేతుల మీదుగానే అచ్చుకు వెళ్లేవి. టైపు చేయడం ఒక ఎత్తు, ఫొటో పెట్టడం ఒక ఎత్తు. స్కాను చేసిన ఫొటోను ఉన్నదున్నట్టు పేజీలో పెడితే అచ్చులో అలుక్కుపోయేది. దాన్ని సన్నటి చుక్కలుగా మార్చాలి, చుక్క చిన్నదైన చోట తెలుపు, పెద్దదైన చోట నలుపు, ఆ రెంటి మధ్య మనిషి కనిపించాలి. అందుకు ఓపిక కావాలి. మా ఓనరుకు అది లేదు. ఫొటోకి ఒక హద్దు పెట్టి, దానికంటే ముదురుగా ఉన్నదంతా కారునలుపు, లేతగా ఉన్నదంతా తెలుపు చేసేయడం ఆయన పద్ధతి. చిటికెలో అయిపోయేది, ఫైలు కూడా చిన్నది. ఎర్రగా బుర్రగా ఉన్నవాళ్లకు కళ్లూ మీసాలూ మిగిలేవి, నల్లగా ఉన్నవాళ్లకు ఏమీ మిగిలేది కాదు.

మా చర్చి జూబిలీ సావనీరు పుస్తకం అచ్చు పనీ మా సెంటరుకే వచ్చింది. దాని వెనకాలే బైబిలమ్మ కూతురూ వచ్చింది. పొగాకు గ్రేడింగు పనికి వెళ్లే మనిషి, ఆ రోజు పని మానుకుని, తల్లి ఫొటో బైబిలు మధ్యలో పెట్టుకుని బస్సెక్కింది. ఆ తల్లికి ఉన్న ఫొటో అదొక్కటే. మిరపకోతల్లో కూలీల పక్కన కూర్చుని వాక్యం చెప్పిన మనిషి, ఎండలో కాగిన నల్లని ముఖం, అందులో మెరిసే కళ్లు. "అమ్మాయ్, మా అమ్మని బాగా రానియ్యి. మా పిల్లలు ఆమెని చూళ్లేదు," అంది కూతురు.

కూర్చుని చుక్కలతోనే చేశాను. కళ్లూ, బుగ్గల మీది ముడతలూ కూడా వచ్చాయి. నేను అన్నం తినొచ్చేసరికి మా ఓనరు, మిగతా ఫొటోలతో కలవడం లేదని, దాన్ని తన పద్ధతిలోకి మార్చి నా ఫైలు మీదే సేవ్ చేసేశాడు. నేను గొడవపడ్డాను. ఫొటో చేతిలోనే ఉంది, మళ్లీ స్కాను చేస్తానన్నాను. అక్కడే కూర్చున్న సావనీరు కమిటీ పెద్ద, నాకు పెదనాన్న వరస, నవ్వుతూ అన్న మాట చచ్చేదాకా మరచిపోను. "ఆవిడ నలుపేగా అమ్మా, ఇంకెట్టా వస్తది?" దాతల ఫొటోలు మాత్రం పక్కన కూర్చుని మరీ సరిచేయించుకున్నాడు. ఆయన్ని ఈ రోజుకీ నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

పుస్తకంలో తెల్లచీర కొంగు వచ్చింది, కొంగు కింద నల్లటి మచ్చ వచ్చింది. కూతురు ఆ పేజీ మీద వేలు పెట్టి చూసింది, పుస్తకం మూసి కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. తిడితే బాగుండేది. అసలు ఫొటో ఆ తరువాత ఒక తుఫానుకు ఇల్లు కారి, బైబిలుతో సహా తడిసి ముద్దయిపోయింది. ఇప్పుడెవరో ఆ మచ్చనే ఫోనులో ఏఐకిచ్చి ముఖం అడిగినట్టున్నారు, అది తనకు తోచిన ముఖం ఇచ్చింది.

ఉండబట్టలేక కూతురికి ఫోన్ చేశాను. బాగా పెద్దదైపోయింది, మాట కూడా వణుకుతోంది. ఆ ఫొటో మనవరాలు చూపించిందట. "ఆవిడెవరో నాకు తెలీదమ్మాయ్. పుస్తకంలో నల్లగా ఉంది చూడు, అదే మా అమ్మ," అంది.

మా రోజుల్లో ఒక ముఖం సరిగా తేవాలంటే ఒక పూట పనయ్యేది, నేను ఇచ్చిన ఆ పూటను కూడా ఆమెకు దక్కనివ్వలేదు. ఇప్పుడు ఏ కష్టమూ లేకుండా ముఖాలు వచ్చేస్తున్నాయి, ఆమె నలుపు మాత్రం ఇప్పటికీ ఎవరికీ అక్కర్లేదు. పాత సావనీరు వెతికి తీసి, ఆ పేజీని ఫొటో తీసి, "బైబిలమ్మ ఈమె" అని రాసి గ్రూపులో పెట్టాను. అందరూ చూశారని ఫోను చెబుతోంది. ఇంతవరకు ఒక్కరూ చేతులు జోడించలేదు.