మగ్రిబ్ దాకా ఓటు

మాస్టారికి ఆ సాయంత్రం మసీదు అజాన్ వినిపించిందా, లేదా? ఎన్నేళ్ళుగానో మోస్తున్న ఈ ప్రశ్న ఎప్పటికైనా ఆయననే అడగాలనుకున్నాను. మొన్న కడప నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పోయారట.

కువైట్‌లో మా బడికి ఆయన చరిత్ర పంతులు. ఎడమ చెవి సరిగా వినపడదు. మేం అల్లరి చేస్తే ఆ చెవే మావైపు తిప్పేవారు. అదే మాకు ఆయన ఇచ్చిన సెలవు.

ఇరాక్ సైన్యం వచ్చాక మనవాళ్ళంతా ఆ బడిలోనే తలదాచుకున్నారు, మా కుటుంబంతో సహా. జోర్డాన్ వెళ్ళే బస్సుల్లో ఎవరు ముందు ఎక్కాలో చెప్పేందుకు ఒక పెద్దను ఎన్నుకుంటే, ఆయన కాస్తా ఎవరి కారులోనో చోటు దొరగ్గానే వెళ్ళిపోయాడు. దాంతో ఉప ఎన్నిక. పోటీలో షువైఖ్ గోడౌన్ సూపర్‌వైజరు, రాయచోటి వంటక్క. పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్ళే ముందు అని అతను. కాగితాలున్నా లేకున్నా ఆడవాళ్ళే ముందు అని ఆమె. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళను పనికి రప్పించుకున్న యజమానులు, కఫీళ్ళ దగ్గరే ఉండిపోయాయి. ఆ కఫీళ్ళేమో దేశం దాటిపోయారు.

"కాగితం లేనోళ్ళకు ఓటేంది సార్?" అన్నాడు సూపర్‌వైజరు.

ఎన్నికల అధికారి మాస్టారే. "తెల్లోళ్ళ కాలంలో శాసనసభకు ఉప ఎన్నిక జరిగితే, పన్ను రసీదు లేదని మా జేజిని గడపకాడే నిలబెట్టినారు నాయనా. ఆ ఎన్నిక చెల్లదని ఏండ్లు కొట్లాడుకున్యారు. గెల్చినోడి పేరు మా ఇంట్లో ఎవురికీ గుర్తులేదు. జేజి నిలబడింది మాత్రం గుర్తుంది."

నల్లబల్ల వెనక రెండు పాలపొడి డబ్బాలు, పోటీలో ఉన్న ఒక్కొక్కరికి ఒకటి. ఓటంటే ఒక ఖర్జూరపు గింజ. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ అధికారికి వినపడగానే ఓటింగ్ ఖలాస్ అని నియమం పెట్టిందీ మాస్టారే.

చిక్కు అక్కడే వచ్చింది. మామా అని పిలిచే ఇంటి యజమానురాలు తిన్నాకే తినడం, అందరూ లేచాకే కూర్చోవడం అలవాటైపోయిన ఆ ఆడవాళ్ళు, వచ్చిన ప్రతి మగవాడికీ "నువ్వు పోన్నా" అని దారి ఇస్తూనే ఉన్నారు. గింజలు గుప్పిట్లో ఉండగానే అజాన్ మొదలైంది.

"ఖలాస్! డబ్బాలు తీయండి!" అని అరిచాడు సూపర్‌వైజరు.

మాస్టారు ఎడమ చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నారు. "నాకింకా వినపళ్ళేదే."

"ఊరంతా వినపడతాంది సార్!"

"ఊరికి కాదు, అధికారికి వినపడాల. రాండమ్మా. ఈపొద్దన్నా ముందుకు రాండి."

సూపర్‌వైజరు అడ్డం నిలబడ్డాడు. వంటక్క నవ్వింది. "ఇంతసేపూ మేం దారిచ్చినాం గదన్నా. ఇంక నువ్వియ్యి."

గింజలు టకటకా డబ్బాలో పడ్డాయి. వంటక్క గెలిచింది. బయట సైనికులు తుపాకులతో తిరుగుతుంటే, లోపల గంజిగిన్నె మూత మీద దరువు! ఎవరో నన్నెత్తి గిరగిరా తిప్పారు. చెవిటి ఎన్నిక, చెల్లదు అని సూపర్‌వైజరు గొణుగుతూనే ఉన్నాడు. మా నాన్న ఓటు అతనికేనని నాకు తెలుసు. మా పాస్‌పోర్టులు నాన్న జేబులోనే ఉన్నాయి మరి. అయినా అంత సంబరం నేను మళ్ళీ చూడలేదు.

నియమం అందరికీ ఒకటే అని మాకు పాఠం చెప్పింది కూడా ఆయనే. విని కూడా విననట్టు నటించారంటే మాట తప్పినట్టు. నిజంగా వినలేదంటే ఆ గెలుపు ఉత్త అదృష్టం. ఏది నిజమైతే నాకు ఇష్టమో కూడా తెలియదు.

మొదటి బస్సు నిండా ఆ ఆడవాళ్ళే. మాస్టారు గేటు దగ్గర, ఎడమ చెవి బస్సువైపుగా నిలబడ్డారు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఎవరో సన్నటి గొంతుతో "పోయొస్తాం సార్" అన్నారు. మాస్టారు వెంటనే చెయ్యెత్తారు.

విన్నారో, చూశారో. నేనింకా తేల్చుకోలేదు.